చెకుముకి తుపాకికి ఏ మందు? మజిల్‌లోడర్‌కు సరైన బ్లాక్ పౌడర్ ఎంచుకునే పద్ధతి

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ వెళ్లగానే జింకల వేటకు ఒక ప్రత్యేకమైన సీజన్ మొదలవుతుంది. 1974లో పెట్టిన ఈ సీజన్‌లో తుపాకి పట్టాలంటే అది చెకుముకి తుపాకే అయి ఉండాలి. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కును గీరాలి, నిప్పురవ్వలు రాలాలి, గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలోని రంజకం, అంటే సన్న మందు, అంటుకోవాలి, ఆ మంట సన్నటి రంధ్రంలోంచి గొట్టంలోకి దూరి అసలు మందును అంటించాలి. అప్పుడు గానీ గుండు కదలదు.

నా మొదటి సీజన్‌లో మంచు మీద రెండు గంటలు కూర్చున్నాక నలభై గజాల్లో ఆడజింక వచ్చి నిలబడింది. ట్రిగ్గర్ నొక్కాను. పళ్లెంలో భగ్గున మంట లేచింది, మొహం మీద వేడి తగిలింది. అంతే. తుపాకి పేలలేదు. గొట్టం ఎదరకే పెట్టి అలాగే ఆగి, మళ్లీ రంజకం పోసి నొక్కినా అదే తంతు. జింక తాపీగా చెట్లలోకి నడిచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం క్లబ్‌లో ఒక పెద్దాయన నా తుపాకిలోంచి గుండు లాగి, మందు తెల్లకాగితం మీదకు వంచి, వేలితో కదిపి చూశారు. "ఈ డబ్బా ఎక్కడ కొన్నావు?" అని అడిగారు. కొన్నచోట "ఇదీ బ్లాక్ పౌడర్ లాంటిదే" అని చెప్పి ఇచ్చిన డబ్బా అది. అందులో ఉన్నది అసలు బ్లాక్ పౌడర్ కాదు, దాని బదులు వాడే మందు. మందు మంచిదే, నా తుపాకికి మాత్రం పనికిరాదు. అప్పటి నుంచి కొత్తగా ఈ సరదాలోకి వచ్చే మనవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే: బ్రాండ్ గురించి, గింజ గురించి తర్వాత చూసుకుందాం, ముందు మీ తుపాకి నిప్పు ఎలా పుట్టిస్తుందో చెప్పండి. మందు ఎంపిక అక్కడే మొదలవుతుంది.

ఈ వ్యాసం అమెరికాలో చట్టప్రకారం మజిల్‌లోడర్, అంటే గొట్టం మూతిలోంచి మందు, గుండు నింపే తుపాకి, వాడుకునేవాళ్ల కోసం. వీసా మీద ఉన్నవాళ్లకు ఆయుధాల చట్టంలో వేరే ఆంక్షలు ఉన్నాయి కాబట్టి కొనే ముందే లాయర్‌ని అడగండి. మన ఊళ్లలో మాత్రం దీని జోలికి వెళ్లకండి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా నాటు తుపాకి దగ్గర పెట్టుకోవడమే నేరం. అడవి జంతువుల వేటను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. ఇంకో మాట: మందు ఎప్పుడూ కంపెనీ సీలు వేసిన డబ్బాలోదే కొనాలి. ఇంట్లో తయారు చేసుకునే ఆలోచన వద్దు. దానివల్ల చేతులు, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మాటల దగ్గర కూడా కాస్త జాగ్రత్త. బ్లాక్ పౌడర్‌ని మాటకు మాట మార్చి "నల్లమందు" అంటే అర్థం పూర్తిగా మారిపోతుంది, తెలుగులో అది గంజాయి సరసన చేరే మత్తుపదార్థం. పాతకాలం మాట "తుపాకి మందు". పళ్లెంలో పోసే సన్న మందు రంజకం. మందు, గుండు గొట్టంలో పెట్టి కడ్డీతో నొక్కడం దట్టించడం. ఈ మూడు మాటలూ మన భాషలో ఎప్పటి నుంచో ఉన్నాయి, నేను అవే వాడతాను.

అన్నిటికంటే ముందు: స్మోక్‌లెస్ పౌడర్ వద్దు

ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందును, అంటే స్మోక్‌లెస్ పౌడర్‌ని, మామూలు మజిల్‌లోడర్‌లో చిటికెడు కూడా పోయకూడదు. అది కూడా నల్లగా, బూడిదరంగులో గింజల్లాగే ఉంటుంది. చూపుకు తేడా తెలియదు. పాత పద్ధతి గొట్టాలు బ్లాక్ పౌడర్ ఒత్తిడికి తగ్గట్టు చేసినవి. స్మోక్‌లెస్ దానికి ఎన్నో రెట్లు ఒత్తిడి పుట్టిస్తుంది, గొట్టం పగిలి మొహం దగ్గరే విచ్చుకుంటుంది. డబ్బా మీద "బ్లాక్" అని రంగు గురించి రాసి ఉంటే చాలదు. "బ్లాక్ పౌడర్" అనో "మజిల్‌లోడర్లకు బ్లాక్ పౌడర్ బదులు వాడే మందు" అనో స్పష్టంగా ఉండాలి. లేబుల్ చిరిగిన డబ్బా, ఎవరో పాత గరాజ్‌లోంచి తీసి ఇచ్చిన సీసా, ఎంత నమ్మకమైనవాళ్లు ఇచ్చినా తీసుకోవద్దు. ఇప్పటికే ఇంట్లో అలాంటిది ఉంటే స్థానిక ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి ఎలా వదిలించుకోవాలో అడగండి.

మొదటి మెట్టు: మీ తుపాకి నిప్పు ఎలా పుట్టిస్తుంది?

మజిల్‌లోడర్లు నిప్పు పుట్టించే తీరును బట్టి ప్రధానంగా మూడు రకాలు.

చెకుముకి తుపాకి, అంటే ఫ్లింట్‌లాక్. దీనికి అసలైన బ్లాక్ పౌడర్ తప్ప ఇంకేదీ పనికిరాదని నా గట్టి అభిప్రాయం. బ్లాక్ పౌడర్‌లో సురేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి. గంధకం తక్కువ వేడికే అంటుకుంటుంది, అందుకే చిన్న రవ్వ తగిలినా మందు భగ్గుమంటుంది. బదులు వాడే మందులు అంటుకోవడానికి ఇంతకంటే ఎక్కువ వేడి కావాలి. పళ్లెంలో మంట లేచి అసలు మందు అంటుకోకపోవడం, నాకు జరిగింది అదే. కొంతమంది గొట్టం అడుగున కాస్త బ్లాక్ పౌడర్ పోసి, పైన బదులు మందు పోసి నెట్టుకొస్తారు. వేటలో ఒక్క అవకాశం కోసం గంటలు కూర్చునేవాళ్లకు ఆ సాహసం ఎందుకు?

క్యాప్‌లాక్, అంటే చిన్న రాగి టోపీ లాంటి క్యాప్ మీద సుత్తి పడితే నిప్పు పుట్టేది. రంజకం లేదు, పళ్లెం లేదు, నిప్పు నేరుగా లోపలికి వెళ్తుంది. దీనిలో బ్లాక్ పౌడర్ బాగా పేలుతుంది. హాడ్జ్‌డన్ కంపెనీ 1970ల్లో తెచ్చిన పైరోడెక్స్ అనే బదులు మందు కూడా చాలా క్యాప్‌లాక్‌లలో బాగానే పనిచేస్తుంది. నిప్పు లోపలికి వెళ్లే దారి కాస్త వంకరగా ఉన్న పాతరకం తుపాకుల్లో అప్పుడప్పుడూ ఆలస్యంగా పేలుతుంది. అలా జరిగితే తుపాకిని తప్పు పట్టే ముందు మందు మార్చి చూడండి.

ఇన్‌లైన్, కొత్తతరం మజిల్‌లోడర్. షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్‌తో పేలుతుంది. ఆ ప్రైమర్ మంట చాలా పెద్దది, అందుకే ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 లాంటి బదులు మందులు దీనికి బాగా సరిపోతాయి. బ్లాక్‌హార్న్ 209 పేరులోనే ప్రైమర్ నంబర్ ఉంది, చెకుముకికీ మామూలు క్యాప్‌కీ అది పనికిరాదు. పెల్లెట్లు, అంటే మాత్రల్లా గట్టిగా అచ్చుపోసిన మందు కూడా ఎక్కువగా ఇన్‌లైన్ల కోసమే. కొలిచే పని లేదు, జేబులో వేసుకుని వెళ్లొచ్చు. అయితే చార్జ్, అంటే ఒక్కోసారి పోసే మందు కొలత, కాస్త అటూ ఇటూ సర్దుకునే వీలు పోతుంది.

ఇన్‌లైన్ ఉన్నవాళ్లు తయారీదారు పుస్తకంలో చెప్పిన మందు, చెప్పిన హద్దు దాటకుండా వాడుకుంటే సరిపోతుంది. మిగతా వ్యాసం చెకుముకి, క్యాప్‌లాక్ వాళ్లకు ఎక్కువ ఉపయోగం.

రెండో మెట్టు: గింజ సైజు

డబ్బా మీద ఎఫ్ అక్షరాలు ఉంటాయి. ఎఫ్‌లు పెరిగే కొద్దీ గింజ సన్నబడుతుంది. షూటర్లు "వన్ ఎఫ్", "టూ ఎఫ్", "త్రీ ఎఫ్", "ఫోర్ ఎఫ్" అంటారు. తెల్లకాగితం మీద నాలుగూ పక్కపక్కన పోసి చూస్తే మన వంటింటి డబ్బాలు గుర్తొస్తాయి. వన్ ఎఫ్ గింజ 1.2 నుంచి 1.7 మిల్లీమీటర్ల దాకా, ఆవగింజల్లా ఉంటుంది. టూ ఎఫ్ 0.6 నుంచి 1.2, ఇడ్లీ రవ్వ అనుకోండి. త్రీ ఎఫ్ 0.3 నుంచి 0.85, బొంబాయి రవ్వ. ఫోర్ ఎఫ్ 0.15 నుంచి 0.4, కాస్త బరకగా పట్టిన బియ్యప్పిండిలా. చాలావరకు గ్రాఫైట్ పూతతో మెరుస్తుంటాయి, వేలికి నల్లగా అంటుతాయి.

గింజ సైజు ఎందుకు ముఖ్యం? మంట గింజ పైభాగం నుంచి లోపలికి తింటూ పోతుంది. అదే బరువులో సన్న గింజలకు బయటి వైశాల్యం ఎక్కువ, కాబట్టి మొత్తం తొందరగా కాలిపోతుంది, ఒత్తిడి తొందరగా లేస్తుంది. పెద్ద గింజలు మెల్లగా కాలుతాయి, ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది. పొయ్యిలో పుల్లలు చురుగ్గా కాలిపోయి మొద్దు నిదానంగా కాలడం లాంటిదే. గొట్టం వెడల్పు, గుండు బరువు పెరిగే కొద్దీ మెల్లగా కాలే మందు కావాలి.

పాతకాలం నుంచి నడుస్తున్న లెక్క ఇది. .45 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) దాకా త్రీ ఎఫ్. .50 నుంచి పైకి టూ ఎఫ్. .69, .75 లాంటి పెద్ద మస్కెట్‌లకు వన్ ఎఫ్, టూ ఎఫ్. ఫోర్ ఎఫ్ రంజకానికి మాత్రమే. దీన్ని గొట్టంలో ప్రధాన మందుగా ఎప్పుడూ పోయకండి, ఒత్తిడి మితిమీరుతుంది.

.50 దగ్గర మాత్రం షూటర్లలో రెండు వర్గాలు. నేను త్రీ ఎఫ్ వైపు. గుడ్డలో చుట్టిన గుండు, అంటే ప్యాచ్డ్ రౌండ్ బాల్, వేసే .50 తుపాకిలో త్రీ ఎఫ్ తక్కువ మందుతోనే అదే వేగం ఇస్తుంది, మసి కూడా తక్కువ. టూ ఎఫ్ నుంచి త్రీ ఎఫ్‌కి మారితే చార్జ్ 10 నుంచి 15 శాతం తగ్గించి మొదలుపెట్టాలి. ఇది మరిచిపోవద్దు. తుపాకి పుస్తకంలో త్రీ ఎఫ్ వాడొద్దని ఉంటే నా మాట పక్కన పెట్టి పుస్తకం మాట వినండి. బరువైన కోనికల్ బుల్లెట్, అంటే మొన తేలిన పొడవాటి గుండు, వేసేవాళ్లకు టూ ఎఫ్ మంచిది, బరువు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది.

త్రీ ఎఫ్‌లో ఇంకో సుఖం ఉంది. అదే మందును పళ్లెంలోనూ రంజకంగా పోసుకోవచ్చు. ఫోర్ ఎఫ్ కంటే కాస్త నెమ్మది, నిజమే. కానీ ఆ తేడా షూటింగ్ రేంజ్‌లో గడియారంతో కొలిస్తే తప్ప చేతికి తెలియదు. పైగా ఫోర్ ఎఫ్ చాలా సన్నం కాబట్టి చెమ్మ తొందరగా పీల్చుకుంటుంది. జనవరి తడి మంచులో నేను మందు నింపుకునే కొమ్ము ఒక్కటే తీసుకుని, అందులో త్రీ ఎఫ్ పెట్టుకుని వెళ్తాను, పళ్లెంలో మందు అరగంటకోసారి దులిపి కొత్తది పోస్తాను. పళ్లెం నింపకండి. రంధ్రం మట్టానికి కిందుగా, మూడోవంతు చాలు. రంధ్రం మూసుకుపోయేలా పోస్తే మంట లోపలికి దూకదు, వత్తిలా కాలుకుంటూ వెళ్తుంది. నొక్కాక పేలడానికి పట్టే ఆ క్షణంలో గురి తప్పుతుంది.

మూడో మెట్టు: ఏ బ్రాండ్?

అసలైన బ్లాక్ పౌడర్ అమెరికాలో ఎక్కువగా మూడు పేర్లతో దొరుకుతుంది: గోయెక్స్, స్విస్, షూట్జెన్.

గోయెక్స్‌కి పెద్ద చరిత్ర ఉంది. ఫ్రాన్సులో రసాయన శాస్త్రవేత్త లావాజియే దగ్గర మందు తయారీ నేర్చుకున్న ఇ.ఐ. డ్యుపాంట్ 1802లో డెలావేర్‌లో బ్రాండీవైన్ ఏటి ఒడ్డున ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. ఆ మిల్లుల రాతిగోడలు ఇప్పుడు హ్యాగ్లీ మ్యూజియంలో చూడొచ్చు. మూడు పక్కలా మందమైన రాతిగోడలు, ఏటి వైపు మాత్రం పలచగా ఉంటాయి. పేలుడు జరిగితే దాని దెబ్బ నీటి మీదకు పోవాలని అలా కట్టారు. ఆ మిల్లులకు మన దేశం నుంచి సురేకారం వెళ్లేది. అమెరికా అంతర్యుద్ధం మొదలైన 1861లో ఉత్తరాది ప్రభుత్వం కోసం లామోట్ డ్యుపాంట్ ఇంగ్లండ్ వెళ్లి భారతదేశపు సురేకారాన్ని భారీగా కొన్నాడు. డ్యుపాంట్‌కి పెన్సిల్వేనియాలో మూసిక్ దగ్గర ఉన్న ఫ్యాక్టరీ 1970ల్లో చేతులు మారింది, అప్పుడు వచ్చిన పేరే గోయెక్స్. తర్వాత అది లూసియానా వెళ్లింది, 2009లో హాడ్జ్‌డన్ చేతికి వచ్చింది, 2021లో ఉత్పత్తి ఆగిపోయింది. మా దగ్గర చాలామందికి అప్పుడు పెద్ద టెన్షన్. 2022లో మోడల్ రాకెట్ల కంపెనీ ఎస్టెస్‌కి చెందిన సంస్థ కొనుక్కుని మళ్లీ తయారీకి దింపింది. నిలకడగా, ఎక్కువ ధర లేకుండా దొరికే మందు ఇది. అందులోనే ఓల్డ్ ఐన్స్‌ఫోర్డ్ అని ఒక మెట్టు పైరకం ఉంది.

స్విస్ మందు స్విట్జర్లాండ్‌లోని ఒబోన్‌లో తయారవుతుంది. గింజలు గట్టిగా, నున్నగా, ఒకే సైజులో ఉంటాయి. అదే కొలతకు ఎక్కువ శక్తి. కాల్చాక మిగిలే మసి కాస్త తడిగా, మెత్తగా ఉంటుంది కాబట్టి తుడవడం తేలిక. టార్గెట్ పోటీలకు వెళ్లేవాళ్లు ఎక్కువగా దీన్నే వాడతారు. వన్ అండ్ హాఫ్ ఎఫ్ అని మధ్యరకం గింజ కూడా ఇస్తారు, బరువైన బుల్లెట్లకు అది బాగుంటుంది. ధర బాగా ఎక్కువ. గోయెక్స్ నుంచి స్విస్‌కి మారితే అదే చార్జ్ పోయకండి, 10 శాతం తగ్గించి మొదలుపెట్టండి.

షూట్జెన్ జర్మనీలో వానో కంపెనీ చేస్తుంది. గోయెక్స్‌కి దగ్గరగా ఉంటుంది, ధర కూడా అటూ ఇటూగానే.

కొత్తవాళ్లు ఇక్కడే ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. మొదటి ఏడాది మూడు బ్రాండ్లు కొని మూడూ సగం సగం వాడతారు, ఏది ఎందుకు బాగుందో తేలదు. నా సలహా: మీకు సులువుగా మళ్లీ మళ్లీ దొరికే ఒక బ్రాండ్, ఒక గింజ పట్టుకోండి. ఐదు పౌండ్లు అయిపోయేదాకా దాంతోనే నేర్చుకోండి. తుపాకి మీకు అలవాటయ్యాక స్విస్ కొని తేడా చూడండి, అప్పుడు ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

నాలుగో మెట్టు: కొనడం

వాల్‌మార్ట్ లాంటి పెద్ద దుకాణాల్లో అసలు బ్లాక్ పౌడర్ ఎందుకు కనపడదు అని చాలామంది అడుగుతారు. రవాణా నిబంధనల్లో అది పేలుడు పదార్థం, దాన్ని నిల్వ చేయడానికి దుకాణానికి కఠినమైన నియమాలు. బదులు వాడే మందులు నిబంధనల్లో అంత ప్రమాదకరమైన వర్గంలోకి రావు. అందుకే అల్మరాల్లో అవే కనిపిస్తాయి, నాలాంటి కొత్తవాళ్లు అవే కొనేస్తారు. అసలు మందు కావాలంటే బ్లాక్ పౌడర్ షూటింగ్ మీదే నడిచే చిన్న దుకాణాలు, మజిల్‌లోడింగ్ క్లబ్బులు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం, ఇవే దారులు. ఆన్‌లైన్‌లో ప్రమాదకర సరుకు రుసుము ఆర్డర్‌కి ఒకసారి పడుతుంది, ఒక్క పౌండ్ తెప్పించుకుంటే మందు ధర కంటే అదే ఎక్కువ అనిపిస్తుంది. ముగ్గురు నలుగురు కలిసి తెప్పించుకోవడం మేలు.

పురాతన పద్ధతి తుపాకుల్లో సరదాకి, క్రీడకి వాడుకోవడానికైతే కంపెనీ తయారీ బ్లాక్ పౌడర్ 50 పౌండ్ల దాకా ఫెడరల్ పర్మిట్ లేకుండా ఉంచుకోవచ్చు. రాష్ట్రం, కౌంటీ, ఊరు నియమాలు ఇంతకంటే తక్కువ హద్దు పెట్టొచ్చు, ముందే కనుక్కోండి. ఒక పౌండ్ అంటే 7000 గ్రెయిన్లు (ఇక్కడ గ్రెయిన్ అంటే బరువు కొలత, గింజ కాదు). 70 గ్రెయిన్ల చార్జ్ వాడితే వంద గుండ్లు. సంవత్సరానికి ఎన్ని కాలుస్తారో ఈ లెక్కతో చూసుకోండి.

ఐదో మెట్టు: కొలవడం

మజిల్‌లోడర్‌లో మందు కొలిచేది పరిమాణంతో, త్రాసుతో కాదు. ఇత్తడి గొట్టం లాంటి కొలత పరికరం మీద గ్రెయిన్ల గీతలు ఉంటాయి. ఆ అంకెలు బ్లాక్ పౌడర్ బరువుకు సరిపోయేలా వేసినవి. పైరోడెక్స్ తేలిక, అదే కొలత పోస్తే బరువు దాదాపు ముప్పై శాతం తక్కువ ఉంటుంది, పని మాత్రం అంతే చేస్తుంది. దాన్ని త్రాసులో పెట్టి 70 గ్రెయిన్లు తూచి పోస్తే చార్జ్ మితిమీరుతుంది. ట్రిపుల్ సెవెన్ ఇంకా బలమైనది, పరిమాణంలోనే 15 శాతం తగ్గించి పోయాలి. బ్లాక్‌హార్న్‌కి డబ్బా మీద ఇచ్చిన పట్టిక తప్ప వేరే దారి లేదు. బదులు మందు వాడే ప్రతివాళ్లూ ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇంకో నియమం ప్రాణానికి సంబంధించినది. డబ్బాలోంచో, కొమ్ములోంచో నేరుగా గొట్టంలోకి మందు వంచకండి. క్రితం పేలుడు తాలూకు నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే మందు అంటుకుని, మంట చేతిలో ఉన్న డబ్బా దాకా ఎక్కుతుంది. ఎప్పుడూ కొలతలో పోసి, కొమ్ము మూసి పక్కన పెట్టి, ఆ కొలత గొట్టంలో వంచండి. పోసేటప్పుడు మొహం, ఛాతీ గొట్టం మూతికి ఎదురుగా ఉండకూడదు. కొలత నిండాక ఒకేలా రెండుసార్లు తట్టి, పైభాగం సమం చేయండి. ప్రతిసారీ ఒకేలా తట్టడమే ఖచ్చితత్వం.

గుండు మందు మీద గట్టిగా కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బిపోవచ్చు, పగలొచ్చు. మీ చార్జ్ ఖాయమయ్యాక గుండు పూర్తిగా దిగినప్పుడు కడ్డీ మీద గొట్టం అంచు దగ్గర గీత గీసుకోండి. తర్వాత ప్రతిసారీ ఆ గీత కనపడాలి.

ఆరో మెట్టు: మీ తుపాకి మాట వినడం

పుస్తకాలు, పెద్దల మాటలు మొదలుపెట్టడానికే. చివరి తీర్పు రేంజ్‌లో కాగితం మీద పడే రంధ్రాలది. ఒక పూట ఖాళీ పెట్టుకుని, గాలి లేని రోజు చూసుకుని వెళ్లండి. కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి. చెకుముకి తుపాకి పక్కకి మంట చిమ్ముతుంది, కుడివైపు ఎవరినీ నిలబడనివ్వకండి.

క్యాలిబర్ అంకెతో మొదలుపెట్టడం మంచి అలవాటు: .45కి 45 గ్రెయిన్లు, .50కి 50. గుండు, ప్యాచ్ గుడ్డ మందం, దానికి రాసే నూనె ఏదీ మార్చకూడదు. పాతిక గజాల్లో బల్ల మీద ఆనించి ఐదు గుండ్లు కాల్చండి. ప్రతి గుండు తర్వాతా కాస్త తడిపిన గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి గొట్టంలో దించి తీయండి. తర్వాత 5 గ్రెయిన్లు పెంచి మళ్లీ ఐదు. కాగితం మీద చార్జ్ రాసి, ఆ కాగితం దాచుకోండి. ఒకచోట రంధ్రాలు దగ్గరకు చేరతాయి, ఇంకా పెంచితే మళ్లీ విడిపోతాయి. దగ్గరకు చేరిన ఆ కొలతే మీది, దాన్ని యాభై గజాల్లో సరిచూసుకోండి. తయారీదారు చెప్పిన గరిష్ఠ హద్దుకు చాలా ముందే ఇది దొరుకుతుంది. నా .50కి 65 గ్రెయిన్ల త్రీ ఎఫ్ దగ్గర ఐదు రంధ్రాలూ ఒక అరచేతిలో పట్టాయి. 80 పోసినప్పుడు చప్పుడు, దెబ్బ పెరిగాయి తప్ప కాగితం మీద ఏమీ బాగుపడలేదు.

కాల్చాక పది పదిహేను గజాల ముందు పడిన ప్యాచ్ గుడ్డలు ఏరి చూడండి. మధ్యలో బూడిదరంగు మచ్చ, అంచులు చిట్లి ఉంటే అంతా బాగున్నట్టే. గుడ్డ మాడి చిల్లులు పడితే చార్జ్ ఎక్కువైనా అయి ఉండాలి, నూనె తక్కువైనా అయి ఉండాలి. అడ్డంగా కోసినట్టు చిరిగితే గొట్టం మూతి అంచు పదునుగా ఉందేమో చూడాలి. ఈ గుడ్డ ముక్కలు ఎంత చెప్తాయంటే, మా క్లబ్ పెద్దాయన టార్గెట్ కంటే ముందు వీటినే ఏరుకుని కళ్లజోడు పైకెత్తి చూస్తారు.

నొక్కాక పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. నేను రెండు నిమిషాలు లెక్కపెడతాను. ఆలస్యంగా పేలడం నిజంగా జరుగుతుంది.

ఏడో మెట్టు: మసి, చెమ్మ

బ్లాక్ పౌడర్ కాలితే బరువులో సగానికి పైగా ఘనపదార్థంగా మిగులుతుంది. పొగలో కొంత పోయి, మిగతాది గొట్టంలో మసిగా అంటుకుంటుంది. పొడి చలిలో అది పెంకులా గట్టిపడుతుంది, గాలిలో చెమ్మ ఉంటే జిగటగా మారుతుంది. నాలుగో గుండు దిగడం కష్టమైతే మందును తిట్టకండి, గుడ్డతో తుడవండి. ప్యాచ్‌కి పెట్రోలియం నూనెలు రాస్తే మసి తారులా బిగుసుకుంటుంది, మొక్కల నూనె, తేనెమైనం కలిపిన లేపనాలు మేలు.

ఇంటికి రాగానే కడగడమే. ఆ మసి గాలిలో తేమ పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పుట్టిస్తుంది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు చాలు. తర్వాత పూర్తిగా ఆరబెట్టి నూనె పట్టించాలి. బదులు మందులకు ఈ బాధ లేదని ఒక అపోహ ఉంది. పైరోడెక్స్ మసి కూడా తుప్పు పట్టిస్తుంది, అందులోని పర్‌క్లోరేట్ కాలాక మిగిలే ఉప్పు ఇనుముకు మంచిది కాదు. బ్లాక్‌హార్న్ మసికి నీళ్లు పనిచేయవు, దానికి సాల్వెంట్ కావాలి.

చివరగా, దాచడం

మందు ఎప్పుడూ తయారీదారు డబ్బాలోనే ఉండాలి. గాజు సీసాలు, వంటింటి డబ్బాలు, పచ్చడి జాడీలు వద్దు. పొడిగా, చల్లగా, నిప్పుకీ హీటర్‌కీ దూరంగా, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి. ఇంట్లో నిల్వకు అగ్నిభద్రతా ప్రమాణం చెప్పే హద్దు 20 పౌండ్లు, అది కూడా కనీసం ఒక అంగుళం మందం చెక్కపెట్టెలో. ఇనుప గన్ సేఫ్‌లో తూటాల పక్కన పెట్టడం పొరపాటు. నిప్పంటుకుంటే మూసిన ఇనుప పెట్టె బాంబులా పేలుతుంది, చెక్కపెట్టె విడిపోయి ఒత్తిడిని బయటికి వదిలేస్తుంది. మూత గట్టిగా ఉంటే మందు దశాబ్దాల పాటు చెడదు.

వేట నుంచి వచ్చాక కొమ్ములో మిగిలిన మందు తిరిగి అదే డబ్బాలో పోయండి, వేరే గింజ డబ్బాలో పోస్తే రెండూ పాడైనట్టే. తుపాకి దట్టించి ఉందో లేదో గుర్తు లేకపోతే కడ్డీ దించి మీరు గీసుకున్న గీత చూడండి. డబ్బా మీద తెరిచిన తేదీ, ఏ తుపాకికి ఎంత చార్జ్ అన్నది మార్కర్‌తో రాసిపెట్టండి. నా డబ్బా మీద ఇప్పుడు "త్రీ ఎఫ్, .50, 65" అని ఉంది, దాని కింద జనవరి 4 అని, పక్కన ఒక చిన్న జింక బొమ్మ.